లాప్‌టాప్‌లోకి తవ్విన సొరంగం

ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర మా టెస్టరక్క పదోసారి ఫోను చూసుకుని, "నాన్న రక్తపరీక్ష రిపోర్టు పొద్దున్నే మన యాప్‌లోకి రావాల్సింది, ఇంకా రాలేదు. అది చూడందే మందు మార్చనంటున్నాడు డాక్టరు," అని విసుక్కుంది. అంతే, మా సీనియర్ ప్రోగ్రామర్ అందుకున్నాడు.

"ఆ ల్యాబు వాళ్ళతో ఇదే తలనొప్పి అక్కా! రిపోర్టు తయారవగానే వాళ్ళ సర్వరు మన సర్వరుకి కబురు పంపాలి. వెబ్‌హుక్ అంటే అంతేగా? అదొస్తేనే మన యాప్‌లో రిపోర్టు కనపడేది. దాన్ని పరీక్షించే పని నిన్న నా నెత్తిన పడేశారు. ఎక్కడో ఉన్న ల్యాబుకి నా లాప్‌టాప్ ఎలా కనపడుతుందయ్యా? చచ్చినా కనపడదు! అందుకే టన్నెల్ సాఫ్ట్‌వేరు ఒకటి పెట్టి, ఇంటర్నెట్ నుంచి తిన్నగా దాన్లోకి ఓ సొరంగం తవ్వా. ల్యాబు దగ్గర మన సర్వరు చిరునామా తీసేసి, నా సొరంగం చిరునామా పెట్టా. ఒక్క కబురొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"రెండోది వచ్చుంటుంది," అన్నాడు పక్కనే ఉన్న మా డిజైనర్.

"నీ మొహం! పదివేలు! ఒకదాన్నొకటి తోసుకుంటూ! 'అందింది, అందింది' అని జవాబు కొట్టలేక నా వేళ్ళు వాచిపోయాయి. లాప్‌టాప్ ఎంత కాలిపోయిందంటే, ఇదిగో, ఈ టీ మాస్టారు దాని మీదే పాలు కాచాడు. కావాలంటే అడగండి!"

"నేనెప్పుడు కాచాను సార్?"

"నువ్వూరుకోవయ్యా, ఒట్టి మతిమరుపు మనిషివి! సాయంత్రానికి లోకంలో ఉన్న ల్యాబులన్నీ నా సొరంగంలోకే దూరాయి. చివరికి రోగం రాకముందే రిపోర్టులొచ్చేశాయనుకోండి! ఒకాయనకి ఫోన్ చేసి, 'బాబూ, వచ్చే మంగళవారం మీకు జ్వరం' అని చెప్పేశా."

"నమ్మాడా?"

"నమ్మడమేంటి, సెలవు చీటీ కూడా రాసేసుకున్నాడు!"

అందరం నవ్వాం. టెస్టరక్క నవ్వలేదు. "కోతలు సరే నాయనా. ల్యాబు దగ్గర పెట్టిన ఆ చిరునామా తీసేసి, మళ్ళీ మన సర్వరుది పెట్టావా?"

సీనియర్ చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "పెడదామనే అనుకున్నా అక్కా... ఈలోగా టీకి పిలిచారని..."

"నీ లాప్‌టాప్ ఎక్కడుంది?"

"మూసేసి... ఇదిగో, ఈ బ్యాగులో పెట్టా."

"ఎప్పుడు మూశావు?"

"నిన్న ఇంటికెళ్ళేప్పుడు."

అక్క ఆ బ్యాగు లాక్కొచ్చి ఆయన ఒళ్ళో పడేసింది. "అది మూసినప్పుడే నీ సొరంగమూ మూసుకుపోయింది, ల్యాబు పంపిన కబురు బయటే ఆగిపోయింది! రోగం రాని వాళ్ళ రిపోర్టులు తర్వాత చూద్దాం. రోగంతో పడుకున్న మా నాన్నది ముందు తెప్పించు. తెరువు!"