సాబిరా బేరం

వినుకొండ బస్టాండు వెనక సందులో రవికలు కుట్టే సాబిరాకు ఆ పూట కూడా ఫోనొచ్చింది. మోటారు మిషను కోసం చేసిన అప్పు గురించి. అవతల వసూళ్ల కంపెనీ కుర్రాడు.

"వడ్డీతో కలిపి అరవై వేలు మేడమ్. ఇయ్యాలే కట్టాలి."

"ఇరవై ఇస్తా. ఒక్కసారే."

"ఇదేమన్నా కూరగాయల బేరమా మేడమ్?"

"కూరగాయలైతే డబ్బులిచ్చినాక ఇంటికన్నా వస్తాయి బాబూ."

"మా మనుషులు మీ ఇంటికొస్తారు. అప్పుడు బాగుండదు."

"రమ్మను. రవికలకు కొలతలిచ్చేవాళ్లకే కూర్చునే చోటు లేదు. నిలబడి మాట్లాడాలి మరి."

"పోనీ, నలభై ఇవ్వండి."

"మా ఆయన చెయ్యి విరిగి ఆర్నెల్లయింది. ఉన్నదే చెప్తున్నా. కోర్టులో అడిగినా ఇదే చెప్తా."

కుర్రాడు లైన్లో ఉండమని వెళ్లి, కాసేపటికి వచ్చాడు.

"ఇరవై ఐదుకి మా సారు ఒప్పుకున్నారు."

"సరే. బాకీ తీరినట్టేనని ముందు కాయితం పంపు. అది చూసినాకే డబ్బులు."

"పంపిస్తా." ఫోను పెట్టేస్తాడనుకుంటే, గొంతు తగ్గించాడు. "అక్కా..."

మేడమ్ ఉన్నట్టుండి అక్కెందుకైందో సాబిరాకు అర్థం కాలేదు.

"నాక్కూడా బండి అప్పుందక్కా. వేరే కంపెనీది. రోజూ ఫోన్లు చేసి చంపుతున్నారు. మా అక్కవని చెప్పి నువ్వు మాట్లాడతావా?"

"నువ్వు చేసేది ఈ పనేగా తమ్ముడూ? నువ్వే మాట్లాడుకోరాదూ?"

"వాళ్లు గట్టిగా అరుస్తారక్కా. నాకు భయమేసుద్ది."