వీపు మీద నీలి సుద్ద

వెర్మాంట్ కొండ మీద అడవి తేనె కోసం బయల్దేరిన అక్కాతమ్ముళ్లు ఒక తేనెటీగ వీపుకి నీలి సుద్ద పూసి, చక్కెర పాకం తాగించి వదిలారు. అది గూటికి పోయి మళ్లీ పాకానికి వచ్చేదాకా వెర్నా గడియారం మీంచి చూపు తిప్పలేదు.

"వచ్చిందిరా ఆరిన్, అదే. మూడే నిమిషాలు."

"పొద్దున కొండ కింద వదిలినప్పుడు పదకొండు నిమిషాలు పట్టింది కదక్కా. అంటే చెట్టు ఇక్కడే ఎక్కడో ఉంది."

"మళ్లీ లేచింది. ఎటు పోతోందో చూడు."

"నీ వెనక్కే. ఇందాకటినుంచి నువ్వు ఆనుకుని కూర్చున్న మేపుల్ చెట్టు, ఆ పై తొర్రలోకి."

"ఇరవై ఏళ్లు తిరిగినా నాన్నకి ఒక్క చెట్టూ దొరకలేదు, మనకి ఒక్కపూటలో దొరికింది. కత్తి ఇలా ఇవ్వు. పేరు చెక్కేస్తే చెట్టు మనదే. రేపొచ్చి కొట్టేసి తేనె తీసుకుందాం."

"ఆగక్కా. ఎవరో ముందే చెక్కేశారు."

"ఎవడ్రా వాడు?"

"నాచు తుడవనీ. నాన్న రాతలాగే ఉంది."

"అయితే ఆయనకి దొరికిందన్నమాట. మరి రోజూ వట్టి చేతులతో వచ్చి అమ్మ చేత మాటలు పడ్డాడెందుకు?"

"ఇది ఆయన పేరు కాదక్కా. వెర్నా అని ఉంది. కింద నువ్వు పుట్టిన సంవత్సరం."

వెర్నా కత్తి మడిచి జేబులో వేసుకుంది.

"ఇంట్లో అడిగితే ఏం చెప్పాలక్కా?"

"ఏమీ దొరకలేదని చెప్పు."