గెలిచినోడు లేచిన గురువారం

యల్లమంద ఒట్టి పగ్గం చేత పట్టుకుని ఇంటికొచ్చాడంట. పొద్దున పోయేటప్పుడు ఆ పగ్గానికి అటు కొసన బర్రె ఉంది. గిట్ట పగిలింది, ఈతమానుపాడు సంతలో మందు పెట్టించుకొస్తానని తోలుకుపోయాడు. ఇప్పుడు చూస్తే పగ్గం ఉంది, బర్రె లేదు. వాకిట్లో ఈతచాప అల్లుకుంటా ఉన్న పెళ్ళాం పేరమ్మ తలెత్తి పగ్గం వంక చూసింది, మొగుడి వంక చూసింది, మళ్ళీ పగ్గం వంక చూసింది. "సింగారి ఏదయ్యా?" అందంట. సింగారంటే ఆ బర్రె పేరనుకో. "వస్తదిలే" అన్నాడంట వీడు నేల చూపులు చూస్తా. "ఎక్కణ్ణుంచి వస్తది? చుట్టాలింటికి పోయిందా?" అంది. ఇంక దాచి ఏం లాభం, గవ్వల్లో పోయిందని చెప్పేశాడంట. మూడు ఎండాకాలాలు చాపలల్లి, వేళ్ళు కాయలు కాసిపోతే కొనుక్కున్న బర్రె అది. ఆమె ఏడిస్తే వీడికి బాగుండేది. ఆమె ఏడవలా. "కూర్చో" అంది. వీడు కూర్చున్నాడు. "ఎట్టా పోయింది? మొదట్నించీ చెప్పు" అంది.

ఏమైందంటే, ఆ సంత వెనక చింతతోపు ఒకటుంది. ఆ తోపులో చెంచయ్య అని ఒకాయన చాప పరిచి గవ్వలాడించేవాడంట. ఏడు గవ్వలు. నువ్వు ఒకసారి వెయ్యాల, ఆయన ఒకసారి వెయ్యాల, ఎవడికి ఎక్కువ వెల్లకిలా పడితే వాడిది గెలుపు. గవ్వల్లో మోసం లేదు. ఆ మాట ముందే చెప్తన్నా, మళ్ళీ మధ్యలో అడగమాకండి. కోడో, మేకో, బర్రో, ఏదైనా పందెం కాయొచ్చు. మన యల్లమంద మొదట గెలిచాడంట! రెండు మేకలు గెలిచాడు. గెలిచి, పొద్దుపోతంది పోతానని లేవబోయాడు. "పోదువుగాని బావా, లేచే పందెం ఆడి పో" అన్నాడంట చెంచయ్య. లేచే పందెమంటే ఏందో తెలుసా? ఆ తోపు కట్టుబాటది. ఓడినోడు ఎప్పుడైనా లేవొచ్చు. గెలిచినోడు మాత్రం ఊరికే లేవకూడదు. గెలిచిందంతా, తన దగ్గరున్నదంతా ఒడ్డి ఒక్క పందెం ఆడి లేవాల. సరే, ఆడాడు, గెలిచాడనుకో. అప్పుడేమైంది? మళ్ళీ గెలిచినోడే అయ్యాడు గదా! మళ్ళీ లేచే పందెం. అదీ గెలిస్తే మళ్ళీ ఇంకోటి. నవ్వుతారేందయ్యా? ముప్పై ఏళ్ళుగా ఆడతన్న మొగోళ్ళు ఎవరికీ తట్టలా ఇది. గెలిచినోడు గెలిచి లేచింది లేదు. అందరూ ఓడే లేచారు, లేచి 'ఈసారి కొంచెంలో పోయింది' అనుకుంటా ఇళ్ళకి పోయారు. మన యల్లమందా అట్టాగే ఆ మేకల్నీ సింగారినీ పోగొట్టుకుని లేచాడు.

పేరమ్మ చాప అల్లుతానే ఉందంట. "ఇంకేం ఉన్నాయి కట్టుబాట్లు?" అంది. వీడు వేళ్ళు మడిచి చెప్పాడు. గవ్వలు గుప్పిట్లో ఉండగా దేవుడికి దణ్ణం పెట్టుకోవచ్చు, అయ్యేదాకా ఎవరూ తొందరపెట్టకూడదు. చాప తొక్కకూడదు. ఉమ్మెయ్యకూడదు. "ఇంకా?" అంది. "ఇంకోటుందిగాని అదంతా ఎగతాళికి పెట్టింది" అని నవ్వాడంట. "చెప్పు మరి, నేనూ నవ్వుతా" అంది. "ఏం లేదు, పెళ్ళాం తోపులోకొచ్చి తన పైట కొంగుకి మొగుడి కండువా ముడేసి, సంతంతా తిప్పి తీసుకుపోతే మాత్రం వాడు లేచే పందెం ఆడక్కర్లేదంట. ఎవడు పోతాడే అట్టా? సచ్చినా పోడు. ఒక్కడూ పోలా ఇంతవరకూ." అని పగలబడి నవ్వాడు. పేరమ్మ నవ్వలా. ఈతాకు పక్కన పెట్టి, "ఇంకొకసారి చెప్పు అది" అందంట.

అంతే, అక్కడికి తేలిపోయింది. వచ్చే గురువారం ఇద్దరూ పోవాల. ఇంట్లో మిగిలిన చాపలు పన్నెండు, అవి తీసుకుపోయి పందెం కాయాల. సింగారిని గెలిచిన ఆ నిమిషాన యల్లమంద తలపాగా తీసి భుజానేసుకోవాల. తోపు మొదట్లో గాజులమ్మే ఆమె దగ్గర పేరమ్మ నిలబడుంటది, అది చూడంగానే వచ్చి ముడేస్తది. "అమ్మో, నా పరువేం కావాల?" అన్నాడంట వీడు. "పరువుకి పాలు పిండుతావా రేపట్నించి?" అందామె.

గురువారం రానే వచ్చింది. చాపలు నెత్తినేసుకుని యల్లమంద తోపులోకి పోతే, "రావయ్యా బావా, నీకోసమే చూస్తన్నా" అని చెంచయ్య ఆప్యాయంగా చోటిచ్చాడంట. సింగారి అక్కడే మానుకి కట్టేసుంది. వీణ్ణి చూసి మోర ఎత్తింది, వీడు మొహం తిప్పుకున్నాడు సిగ్గుతో. ఆట మొదలైంది. రెండు చాపలు ఒడ్డితే ఒక పెట్ట వచ్చింది. పెట్టని ఒడ్డితే పుంజు వచ్చింది. చాపలూ కోళ్ళూ అన్నీ కలిపి మేకమీద ఒడ్డితే, ఏడుకి ఏడూ వెల్లకిలా పడ్డాయంట! చుట్టూ ఉన్నోళ్ళు ఈలలేశారు. ఆ ఊపు మీద మేకనీ, కోళ్ళనీ, పన్నెండు చాపల్నీ ఒకవైపు పెట్టి, "అదిగో, ఆ బర్రె" అన్నాడు. చెంచయ్య సరేనన్నాడు. చెంచయ్య వేస్తే మూడు పడ్డాయి. యల్లమంద వేస్తే మూడు పడి, నాలుగోది చాప మీద బొంగరంలాగా తిరిగీ తిరిగీ, ఊపిరి బిగబట్టి అందరూ చూస్తావుంటే, వెల్లకిలా పడిందంట.

సింగారి వాడిదైంది. ఇప్పుడేం చెయ్యాల? తలపాగా తియ్యాల. చెయ్యి పైకి పోయింది కూడా. పోయి, అక్కడ నెత్తి గోక్కుని కిందికొచ్చింది. ఎందుకొచ్చిందంటే, పక్కన కూర్చున్న తోడల్లుడు గురవయ్య, "అన్నా, నీ చెయ్యి ఇయ్యాల చెయ్యి కాదన్నా! ఏం పడతన్నాయి, ఏం పడతన్నాయి!" అన్నాడు. ఆ మాట చెవినబడ్డాక ఎవడికి లేవబుద్ధేస్తది చెప్పండి? ఇంకొక్క పందెం ఆడదామనుకున్నాడు. దుడ్డె వచ్చింది. ఇంకొక్కటి. పొట్టేలు వచ్చింది. ఇంకొక్కటి. చెంచయ్య గొడుగొచ్చింది, కాలి చెప్పులొచ్చినాయి. సంతలో బేరాలు ఆపి జనం వచ్చేశారు. యల్లమందకి ఒళ్ళంతా తేలిపోతందంట, ఇంటి కప్పు మీద నిలబడి ఊరంతా చూస్తన్నట్టుగా ఉంది. సందేహమే లేదు, ఈ గవ్వలు నా మాట వింటన్నాయి అనుకున్నాడు.

అప్పుడు చెంచయ్య మెల్లగా ఆకులో సున్నం రాసుకుంటా, "నా ఎడ్లజత కాస్తా. నీ దగ్గరున్నయ్యన్నీ పెట్టు బావా, సింగారితో కలిపి" అన్నాడంట. ఎడ్లజత! ఈతమానుపాడు సంతకే పేరున్న ఎడ్లు. యల్లమంద గవ్వలు గుప్పిట్లోకి తీసుకున్నాడు. తీసుకుని, వెయ్యబోతా ఒక్కసారి చెంచయ్య మొహంలోకి చూశాడు. చూస్తే, ఆయనకి చెమట లేదు. మేకపోయింది, బర్రెపోయింది, పొట్టేలు పోయింది, చెప్పులు గూడా పోయి మనిషి ఒట్టికాళ్ళతో కూర్చున్నాడు, అయినా చల్లగా ఆకు మడుచుకుంటన్నాడు. పోయినవారం ఓడేటప్పుడు నేనిట్టా ఉన్నానా అనుకున్నాడు యల్లమంద. అప్పుడు చొక్కా తడిసిపోయింది, నోరు పిడచకట్టుకుపోయింది. ఓడిపోయేవాడికి ఇంత నెమ్మదేందిరా అనుకున్నాడు. అప్పుడు తట్టిందంట వాడికి. ఈయన ఓడట్లేదు. ఈయన తన వస్తువుల్ని నా దగ్గర కాసేపు దాచుకుంటన్నాడు, అంతే. నేను కూర్చున్నంతసేపూ అవి ఆయనవే. లేస్తేనే నావి.

టక్కున తలపాగా తీసి భుజానేసుకున్నాడు. గాజులామె దగ్గరికి చూశాడు. పేరమ్మ రాలా. మళ్ళీ చుట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. రాలా. "ఏందన్నా, తల తిరగతందా?" అన్నాడు గురవయ్య. ఏమైందంటే, పేరమ్మ చూసీ చూసీ విసుగుపుట్టి, ఊరికే నిలబడితే గాజులామె ఏమనుకుంటదోనని గాజులు తొడగమని చెయ్యి చాపి కూర్చుంది. సగం గాజులెక్కాయి, ఇంకో గాజు పిడికిలి కాడ ఇరుక్కుంది. పైకీ పోదు, కిందికీ రాదు. "అదుగో, నా మొగుడు తలపాగా తీశాడు, వదులమ్మా" అంటే, "తీస్తే తీశాడులేగాని చెయ్యి బిగబట్టమాకమ్మా, పగిలితే గుచ్చుకుంటది" అంటందంట ఆమె.

ఇక్కడ వీడి గుప్పిట్లో గవ్వలు. వేస్తే ఏమవుతదో తెలవదు. మరేం చెయ్యాల? దణ్ణం పెట్టుకున్నాడు. దణ్ణం పెట్టుకునేవాణ్ణి తొందరపెట్టకూడదు గదా. కళ్ళు మూసుకుని, "తల్లీ పోలేరమ్మా" అన్నాడు. "అంకమ్మ తల్లీ. గంగమ్మా. కొండ మీది సామీ. పుట్టలో సామీ. పీర్లచావిట్లో పీర్లూ" అన్నాడు. ఒక కన్ను తెరిచాడు, పేరమ్మ రాలా. పక్క ఊరి పోలేరమ్మని పిలిచాడు. ఆ పక్క ఊరి పోలేరమ్మని పిలిచాడు. దేవుళ్ళు అయిపోయారు, తాతల్ని పట్టుకున్నాడు. తాతలయ్యారు, అత్తగారివైపు పెద్దల్ని పట్టుకున్నాడు. "మా మామకి మేనమామ, పేరు గుర్తురాటంలా, ఆయనెక్కడున్నా సరే ఆయనకీ దణ్ణం" అన్నాడంట! జనం పొట్టలు పట్టుకున్నారు. చెంచయ్యకి మొట్టమొదటిసారి నుదుటి మీద చెమట పట్టింది. "ఇంక వెయ్యి బావా" అన్నాడు. "ఉండు బావా, మా అమ్మమ్మ ఊళ్ళో ఒక రావిచెట్టుంది, దానికి గూడా..." అంటావుంటే పేరమ్మ వచ్చేసింది. ఒక చేతికి నిండా గాజులు, రెండో చెయ్యి బోసి. వచ్చి, మొగుడి భుజాన కండువా అయిన ఆ తలపాగా కొస పట్టుకుని తన పైట కొంగుకి ముడేసింది. గట్టి ముడి. చాపలల్లే చెయ్యిగదా!

తోపంతా ఆ ముడివంకే చూసింది. తర్వాత ఎవడో కిసుక్కున నవ్వాడు, ఇంక అందరూ అందుకున్నారు. "ఏరా యల్లమందా, నీకు సిగ్గులేదా? మొగోడివేనా?" అన్నాడంట చెంచయ్య. గురవయ్య చెవి దగ్గరికొచ్చి, "అన్నా, వొద్దన్నా, పది బర్రెలు పోయినా ఈ తలవంపు వొద్దన్నా. రేపు నన్నూ నవ్వుతారు" అన్నాడు. యల్లమంద మొహం ఎర్రబడింది. ముడివంక చూశాడు. ఊడదీసుకోవచ్చు. గుప్పిట్లో గవ్వలు వెచ్చగా ఉన్నాయి, ఎడ్లజత ఎదురుగా ఉంది. జనమంతా చూస్తన్నారు. పేరమ్మ మాత్రం లాగలా, పిలవలా, ఊరికే నిలబడింది. కట్టేసిన మాను దగ్గర్నుంచి సింగారి ఒక్క అరుపు అరిచింది. యల్లమంద గుప్పిట విప్పి, గవ్వల్ని వెయ్యకుండా, గుడ్లు పెట్టినంత జాగ్రత్తగా చాప మీద పెట్టి లేచాడంట.

ఇంక చూడు, ఆ ఊరేగింపు! ముందు పేరమ్మ, వెనక ముడితో యల్లమంద, చంకలో పెట్టా పుంజూ, చేతిలో గొడుగు. వాడి వెనక సింగారి, దుడ్డె, పొట్టేలు, మేక. చాపలు సింగారి మీదికెక్కించారు. కట్టుబాటు ప్రకారం సంతంతా తిరగాల గదా, ఉల్లిపాయల వరస, బెల్లం వరస, చీపుళ్ళ వరస, అన్నీ తిరిగారు. మొగోళ్ళు ఈలలేశారు, "పెళ్ళికొడకా, అక్షింతలు కావాలా?" అన్నారు. వీడు మొదటి వరసలో తలొంచుకున్నాడు. రెండో వరసలో తలెత్తాడు. మూడో వరసలోకొచ్చేసరికి ఎండ తగలకుండా పెళ్ళాం నెత్తిన చెంచయ్య గొడుగు పట్టాడంట! చెప్పులు మాత్రం చెంచయ్యకి తిరిగిచ్చేశారు. పాపం, ఎండకి కాళ్ళు కాలతన్నాయని పేరమ్మే ఇప్పించింది.

అయితే ఆ ఊరేగింపుని మొగోళ్ళే కాదు, ఆడోళ్ళు గూడా చూశారు. చూసి, నవ్వలా. బర్రెని చూశారు, మేకని చూశారు, ముడిని చూశారు. తర్వాతి గురువారం తోపు మొదట్లో నలభై మంది ఆడోళ్ళు. మొగుడు ఒక పుంజు గెలవంగానే ముడి, ఒక మేక గెలవంగానే ముడి. ఎగతాళికి పెట్టిన కట్టుబాటైనా కట్టుబాటే, చెంచయ్య గెలిచినయ్యన్నీ ఇచ్చి పంపాల్సిందే. నాలుగు వారాలకి ఆయన మంద ఖాళీ. ఐదో వారం ఆయన పెళ్ళాం గూడా వచ్చి, ఆయన ఒక కోడిపెట్ట గెలిచి ఉండగా చూసి, ముడేసి లాక్కుపోయిందంట.

అక్కడితో తోపు శుభ్రపడిందనుకుంటన్నారా మీరు? నేనూ అట్టాగే అనుకున్నా. ఏమైందంటే, మొగుళ్ళు ఎప్పుడు గెలుస్తారా అని ఆ ఆడోళ్ళు గురువారం గురువారం ఎండలో కూర్చోవాలగదా. ఊరికే ఎంతసేపు కూర్చుంటారు? తలా ఏడు గవ్వలు తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ తోపులో చాప వాళ్ళది. పొద్దుగుంకతంది, పొయ్యి మీదికి ఎసరు పెట్టాల, రావే అని మొగోళ్ళు తోపు మొదట్లో నిలబడి పిలుస్తానే ఉన్నారు. వాళ్ళు లేవట్లా. ఎట్టా లేస్తారు? గెలిచినోళ్ళు ఊరికే లేవకూడదు గదా. పెళ్ళాం వచ్చి ముడేస్తే మొగుడు లేవొచ్చని ఉందిగాని, మొగుడొచ్చి ముడేస్తే పెళ్ళాం లేవొచ్చని ఆ కట్టుబాట్లో యాడా లేదు. పెట్టినోళ్ళు మొగోళ్ళే మరి, నేనేం చేసేది!