మార్చి పన్నెండున అన్న మాట

జర్మనీలో ఇరుగుపొరుగు తిట్టుకుంటే, కోర్టు మెట్లెక్కేముందు ఊరి మధ్యవర్తి ఎదుట కూర్చోవాలి. ఆ ఊళ్ళో మధ్యవర్తి రిటైరైన వీల్మా టీచరు. తీర్పులన్నీ ఆవిడ వంటింటి బల్ల దగ్గరే.

"సంతకం ఎక్కడో చూపించండి టీచరుగారూ, పెట్టేసి పోతాను."

"కూర్చోండి డిట్మార్ గారూ. ఇంకా మొదలే కాలేదు."

"మొదలయ్యేదేముంది? తిట్టాను, తప్పే. కెస్లర్ గారూ, క్షమించండి. అయిపోయిందా?"

"నాకొద్దు ఆ క్షమాపణ."

"చూశారా టీచరుగారూ? ఈవిడకి నన్ను కోర్టుకీడ్చాలనే ఉంది."

"ఉండండి. కెస్లర్ గారూ, ఫిర్యాదు ఫారంలో 'బెలైడిగెన్' అని రాశారు, అంటే అవమానించారని. ఆ మాట 'లైడ్'లోంచి పుట్టింది. లైడ్ అంటే దుఃఖం. ఎదుటివాళ్ళకి దుఃఖం కలిగించడమే దాని అసలు అర్థం. నేను పిల్లలకి—"

"ఇప్పుడు పాఠమా అండీ?"

"పాఠం కాదు, ప్రశ్న. కెస్లర్ గారూ, మీకంత దుఃఖం కలిగించిన మాటేంటి?"

"కంచె అవతల్నించి అరిచారు. 'నోరు ముయ్యండి ముసలి కాకీ, మీ పాటకి మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి' అని."

"ముప్ఫై ఏళ్ళుగా అంటూనే ఉన్నానండీ. ఆవిడ నన్ను ఎండుచేప అనేది. ఎవరమైనా ఫారాలు నింపామా?"

"మరి ఇప్పుడెందుకమ్మా?"

"తారీకు చూడండి టీచరుగారూ."

"మార్చి పన్నెండు... అయ్యో, మీవారు పోయిన రోజు."

"నాకు తెలీదండీ, ఒట్టు. వాళ్ళాయన ఫోల్కర్ చావుబతుకుల్లో ఉన్నాడని తెలిస్తే నా నాలుక కోసుకునేవాణ్ణి. అందుకే అప్పట్నుంచీ నోరెత్తట్లేదు. ఆవిడ పెరట్లోకొస్తే నేను లోపలికెళ్ళిపోతున్నాను. ఇంకేం చెయ్యమంటారు నన్ను?"

"అదే. రెండు నెలలు. ఓ నమస్కారం గొణగడం, తలుపేసుకోవడం. ఫిర్యాదు రాస్తే తప్ప నా ఎదురుగా కూర్చున్నారా మీరు?"

"కూర్చున్నాను కదా. చెప్పండి, ఏం కావాలి?"

"ఆ రోజు కిటికీ తెరిచి ఆయన కోసమే పాడుతున్నాను. మీ అరుపు వినపడింది. నెలరోజులుగా పెదవి కదపని మనిషి, పకపకా నవ్వారు. అరగంటకి పోయారు."

"కెస్లర్ గారూ, నేను..."

"ఆ నవ్వు నా చెవుల్లోంచి జారిపోతోంది డిట్మార్ గారూ. ఆ మాట అలాగే, అంత గట్టిగా, ఇంకొక్కసారి అనండి."