ఓబులమ్మకు పడిన రెండు

ఓబులమ్మ అని, మా జేజికి, అదే మా నాయనమ్మకు, అత్త. నవ్వినా ఊరంతా ఇనపడేదంట, తిట్టినా ఊరంతా ఇనపడేదంట. ఆమె మొగుడికీ, ఆయన పెద్దనాయన కొడుకు గంగిరెడ్డికీ కలిపి ఒకటే బాయి. వానల్లేని ఏడు రెండు మళ్ళకూ నీళ్ళు యాడ చాల్తాయి? అట్లాంటప్పుడు తలలు పగలగొట్టుకోకుండా బాయిగట్టు మింద అష్టాచెమ్మా ఆడేది వాళ్ళింటి కట్టుబాటు. గెల్చినోళ్ళ మడికే నీళ్ళు. ఓడినోళ్ళ నారు ఎండాల్సిందే. ఆ ఏడు ఏమైందంటే, ఆట పొద్దుకు ఈమె మొగుడు చలిజ్వరంతో ముసుగుబెట్టి పండుకున్యాడు. ఈమె కొంగు దోపుకోని తానే వచ్చి కూచుంది. గంగిరెడ్డి పకపకా నవ్వి, ఏం ఓబులమ్మా, ఇదేమన్నా సంగటి కెలికే పనా అన్యాడంట. "గవ్వలెయ్యి బావా, మాటలు తర్వాత" అనిందంట. అట్లుండాల ఆడదంటే!

ఆ గంగిరెడ్డిది మామూలు చెయ్యి కాదు, ఇనండి. ఏస్తే అష్టా, మళ్ళీ ఏస్తే చెమ్మా. ఎనిమిదీ నాలుగూ, ఎనిమిదీ నాలుగూ. ఈమెకేమో ఒకటి, రెండు, రెండు. చూసేటోళ్ళు అయ్యో, ఈమె నారు ఎండినట్టే అనుకున్యారంట. అయితే మీకు తెల్సు గదా, ఎదుటోళ్ళ కాయ ఒకటన్నా కొట్టందే లోపలి గళ్ళలోకి పోకూడదు. ఓబులమ్మ కొట్టనిస్తే గదా! గుర్తేసిన గడిలో ఉన్న కాయను కొట్టేకి లేదు, తన కాయలు ఆడ పెట్టేది. లేకుంటే ఆయన కాయలకు ఎనకాల పెట్టేది. పాపం గంగిరెడ్డి, అన్ని అష్టాలు పడీ గానుగెద్దు మాదిరి బయటనే తిరుగుతా ఉన్యాడనుకోండి.

అప్పుడు ఈమె ఏం చేసిందంటే, కావాలనే ఒక కాయ జరిపి, ఒకే గడిలో ఉన్న ఆయన కాయలకు ఒక్క గడి ముందర పెట్టింది. అందరూ నోళ్ళు తెరిచినారు. కొట్టాలంటే ఒకటి పడాల. ఆ మారాజుకు ఒకటి యాడ పడ్తాది? అష్టా పడె, ఒక కాయ ఎగిరి దాటిపాయ. అష్టా పడినందుకు వచ్చిన ఇంకో పందెం ఏస్తే మూడు పడె, ఇంకో కాయ ఈమె కాయను దాటి రెండు గళ్ళ అవతల బిక్కుమంటా నిలబడె. ఓబులమ్మ గవ్వలేసింది. రెండు! కొట్టింది, లోపలికి దూరింది, ఒగదాని ఎనక ఒగటి కాయలన్నీ పండించింది.

గంగిరెడ్డి మొగం మాడ్చుకోని, నీకు అదృష్టం బాగుండి రెండు పడింది లే అన్యాడంట. "పొద్దున్నించి నాకు పడేది అదే గదా బావా! అది పడే చోటికి నిన్ను పిలిస్తి, వస్తివి" అనిందంట. ఆ ఏడు నీళ్ళు ఈమె మడికే పారె. పంట ఇంటికొచ్చినంక గంగిరెడ్డి పిల్లోళ్ళకూ వడ్లు పంపిందంట, ఆయన తిట్టుకుంటానే తిన్యాడంట.

మాది ఆ వంశం. ఈ పొద్దుకూ మా ఇంట్లో ఎవురికీ అష్టా పడి చావదు. మీకు పడ్తాదంటారా? అయితే రాండి, కూచోండి, చూసుకుందాం.