పగటిపూట మిల్లు

హలో… ఆ, నేనేలే రోనాల్డన్నయ్యా, తబితాని. గోంగూర ఒలుత్తన్నాను… ఫోను భుజానికీ చెవికీ మధ్యన ఇరికించేను. జారిపోతే ఏటీ అనుకోకు.

…గొణుగుతున్నానా? నాన్న పడుకున్నాడు. ఫేక్టరీలో చెరుకు ఆడటం మొదలెట్టేరు కదా, రాత్రి డ్యూటీ. పొద్దున్నొచ్చి ఇందాకే కునుకు తీత్తన్నాడు. మాది ఒకటే గది, మధ్యన పరదా, నీకు తెలుసుగా.

…ఆ హోరా? లారీ కాదు. నువ్వు బిగించి ఇచ్చిన కంప్యూటరే.

—నిజం అన్నయ్యా. ఇదిగో, రిసీవరు దాని దగ్గర పెడతన్నాను, విను…

…విన్నావా? వారం నుంచీ ఇదే వరస. లోపల ఫ్యాను తిరుగుతుందో, పెట్టెతో సహా ఎగిరిపోదామని చూత్తందో తెలీట్లేదు. నాన్నైతే రోజూ తిట్టుకుంటూనే పడుకుంటాడు. "రేత్రంతా ఆ మిల్లు, పగలంతా ఈ మిల్లు, నానెప్పుడు పడుకోవాల?" అని.

…నీకూ చేసేడా ఫోను? ఏటన్నాడు?

…ఆదివారం ఆటో తెచ్చి పట్టుకుపొమ్మన్నాడా… అయితే ఉత్తి బెదిరింపు కాదన్నమాట.

…నవ్వకు. అది వచ్చిన అట్టపెట్టె కూడా అటక మీంచి దించేసేడు. గుమ్మం పక్కనెట్టి, దానికి తాడు కూడా చుట్టి ఉంచేడు.

…నాకేటా? లూర్దు మేరీ టీచరు లేరూ, కాన్వెంటులో? పరీక్ష పేపర్లు టైపు చెయ్యమని నాకిచ్చేరు. నా మొదటి పని అన్నయ్యా. ఆరో తరగతివి అయిపోయేయి, ఏడు సగంలో ఉంది. ఇది పోతే ఏ ముఖం పెట్టుకుని ఆవిడకి కాయితాలు తిరిగిత్తాను? అందుకే నీకు ఫోను చేసేను. ఆ ఫ్యాను కొంచెం నెమ్మదిగా తిరిగే దారి ఏదైనా ఉందా?

…ఉందా! మరి ఇన్నాళ్లూ చెప్పవేం?

…నేను అడగలేదా. సరే, తప్పు నాదేలే. ఇప్పుడు చెప్పు.

—ఒక్క నిమిషం. గుమ్మంలో ఎవరో… ఆ, రా అత్తా… లేదత్తా, పెట్టె ఇవ్వొద్దన్నాడు నాన్న. కంప్యూటరు దాంట్లోనే పెట్టి పంపాలంట… అదే కదా… అలాగేలే, అడుగుతాను…

…ఆ, అన్నయ్యా. ఎవరా, పక్కింటి గంగాభవానత్త. వాళ్ల కోడి పొదుగుతుందంట, ఈ అట్టపెట్టె మీద కన్నేసింది. రోజూ వచ్చి అడుగుతుంది. నాన్నేమో రోజూ కాదంటాడు.

సరే, చెప్పు. పీట దగ్గరికి లాక్కున్నాను. …టైపు చేసింది సేవ్ చేసేను. …ఆపి మళ్లీ వెయ్యాలా. …డిలీటు నొక్కుతూనే ఉండాలా. నొక్కుతున్నాను… నొక్కుతున్నాను…

…వచ్చింది! తెరంతా నీలం. అన్నీ ఇంగ్లీషు మాటలే. మౌసు కదలదేం? …బాణం మీటలతోనా. …కిందకి… ఇంకా కిందకి… పీసీ హెల్తా? దీనికీ ఆరోగ్యం చూడాలా, బాగుంది.

…ఉంది, స్మార్ట్ ఫ్యాన్ అని. పక్కన డిజేబుల్డ్ అని ఉంది. మార్చెయ్యనా?

—మార్చలేదు, మార్చలేదు! ఎందుకలా అరుత్తావు?

…వేడి ఎంతుందో చూడాలా. ఏదీ… డెబ్భై రెండు.

…అంత ఎక్కువా? …ఇప్పుడు ఫ్యాను తగ్గిస్తే లోపల మాడిపోద్దా? అమ్మో.

…గాలి దారి మూసుకుపోడమేటి? వెనకాల ఏదీ అడ్డం లేదే. గోడకి దూరంగానే పెట్టేను.

…కవరా? ఆ, ఉంది. అమ్మ కుట్టింది కదా, రెండు పావురాలు అల్లి.

…ఇప్పుడూ ఉంది.

…వెనకా ఉంది, చుట్టూతా ఉంది. బొత్తాలు కూడా పెట్టింది. ముందువైపు మాత్రం స్విచ్చి నొక్కడానికి చిన్న కిటికీలా కత్తిరించింది.

…

…నవ్వడం అయిందా?

—ఫేక్టరీ బూడిద కోసం అన్నయ్యా! ఈ రోజుల్లో ఆ నల్ల నుసి ఇక్కడ ఎలా పడుతుందో నీకేం తెలుసు, విశాఖపట్నంలో కూచుని. ఆరేసిన బట్టల మీదా అదే, మంచినీళ్ల బిందె మీదా అదే. అందుకని అమ్మ టీవీకి కుట్టింది, మిషనుకి కుట్టింది, దీనికీ కుట్టింది. దీనికైతే దళసరి గుడ్డ ఏరి మరీ కుట్టింది, ఖరీదైన సామానని. నడిచేటప్పుడు తియ్యాలని మాకెవరు చెప్పేరు?

…ఆ… దుప్పటి కప్పుకుని పరుగెత్తుతున్నట్టా… పాపం. అరుత్తందని మేం దీన్ని తిడుతున్నాం. ఊపిరాడక అరుత్తంది ఇది.

…అమ్మ లేదు, ప్రార్థన కూడికకి వెళ్లింది. వచ్చేక ఏం చెప్పాలో… రెండు వారాలు కుట్టింది అన్నయ్యా… ఆ, తట్టింది. వేడన్నం గిన్నె మీద మూతేసేత్తే చెమ్మెక్కిపోద్దని కేకలేసేది ఆవిడే. ఇదీ అంతే అమ్మా, చల్లారేక తొడుగుదాం అంటాను. ఒప్పుకుంటుంది.

తీత్తన్నాను… ఈ బొత్తాలొకటి… అబ్బా! పొయ్యి దగ్గర కూచున్నట్టుంది వెనకాల. …ఆ, ఊదుతాను. …తుమ్మొచ్చింది. …నుసి ఉంది గానీ కొంచెమే. అమ్మ కవరు ఆ పని మాత్రం బాగా చేసింది.

…ఆగాలా? సరే. గోంగూర ఒలుచుకుంటాను.

…పెద్దమ్మ మోకాళ్లు ఎలాగున్నాయి? …అలాగా. ఉప్పు కాపడం పెట్టమను.

…అరవై నాలుగు… దిగుతుంది అన్నయ్యా! …యాభై ఎనిమిది.

…చాలా? ఇప్పుడు మార్చెయ్యనా? …ఎనేబుల్డ్. …ఎఫ్ పది. …వై కొట్టాలా. వై… ఎంటరు.

…

…

అన్నయ్యా… వింటున్నావా?

—లేదు, పాడవలేదు. తెర మీద బొమ్మ వచ్చింది. ఫ్యాను తిరుగుతుంది. చప్పుడే లేదు. గోడ గడియారం వినపడుతుంది! ఈ గడియారానికి చప్పుడుందనే మర్చిపోయేను.

…అయ్యో.

—నాన్న లేచిపోయేడు. "ఎవుడ్రా ఆపేసింది? ఏటిరుక్కుంది?" అని అరుచుకుంటూ… నవ్వకు, వినపడుద్ది. మిల్లులో చప్పుడు ఆగితే చెరుకు ఇరుక్కున్నట్టే కదా, అదే కలవరింత…

నాన్నా, ఏటీ ఇరుక్కోలేదు. ఇల్లు ఇది… కంప్యూటరే నాన్నా… ఆపలేదు, నడుత్తంది. కావాలంటే వెనకాల చెయ్యి పెట్టి చూడు…

…పెట్టేడు అన్నయ్యా. మిల్లులో బేరింగులు వేడెక్కేయేమో చూసినట్టు, అరచెయ్యి ఆనించి… కళ్లు మూసుకున్నాడు… అమ్మ కవరు చేతిలోకి తీసుకున్నాడు… అటూ ఇటూ తిప్పి చూత్తన్నాడు… మడతెట్టి టీవీ మీద పెట్టేడు.

…లేదు. మళ్లీ పడుకోలేదు.

…గుమ్మం దగ్గరికెళ్లేడు. పెట్టె దగ్గరికే.

…తెలీదన్నయ్యా, ఉండు, మాట్లాడకు.

…తాడు విప్పుతున్నాడు.

…తాడు మేకుకి తగిలించేడు. చెప్పులేసుకున్నాడు. పెట్టె భుజం మీదకెత్తేడు… ఖాళీదే!

—ఎక్కడికో చెప్పలేదు. నావైపు చూడను కూడా లేదు, వెళ్లిపోయేడు. ఉండు, కిటికీలోంచి చూత్తాను… ఫోను తీగ అందట్లేదు… ఆ, కనపడుతున్నాడు…

…

…అన్నయ్యా, గంగాభవానత్త వాళ్ల కోడి అరుపు వినపడుతుందా నీకు?

…ఆ. అంతే.

…ఆదివారం రా. పెద్దమ్మని కూడా తీసుకురా, గోంగూర పచ్చడి పెడతాను. ఆటో మాత్రం తేకు. ఉంటాను.