జానెడు తిప్పిన యాంటెనా

మరాఠీవాళ్ల నడుమ తెలుగువాళ్లూ ఉండే బాబుపేట్‌లో రేడియో స్టేషన్‌కు ఎదురుగా, రోడ్డు అవతల ఎల్లమ్మ చాయ్ దుకాణం. స్టేషన్‌లో మిషన్లు చూసుకునే సదానందం అక్కడ నోరు తెరిచాడంటే గ్లాసుల్లో చాయ్ చల్లారాల్సిందే. ఈరోజు మరీ రెచ్చిపోయాడు, కారణముంది. ఎదురు బెంచీ మీద సర్వే పిల్ల దివ్య కాగితాలు పట్టుకుని, ఎవరు ఏ రేడియో వింటున్నారో అడిగి రాసుకుంటోంది. ఊళ్లోకి కొత్తగా ‘తరంగ్’ రేడియో వచ్చి ఇంతెత్తు టవర్ వేసింది. ఈ సర్వేలో వినేవాళ్లు తగ్గితే, రోజూ నాలుగింటికి వచ్చే ‘తెలుగు గంట’ ఎత్తేస్తామని సదానందం వాళ్ల మేనేజర్ చెప్పేశాడు. పన్నెండేళ్లుగా ఆ గంటను కన్నబిడ్డలా చూసుకున్న సదానందానికి లోపల గుబులుగానే ఉంది. గుబులు పెరిగినకొద్దీ కోతలూ పెరగడం ఆయన తీరు.

దేశానికి కరెంటు పంపే ఊరు కదా, దీపం కింద చీకటన్నట్టు మూడున్నరకు కరెంటు పోయింది. సదానందం మిషన్ గదికి తాళం వేసి చాయ్‌కి వచ్చి, దూరాన ఉన్న కోర్పన నుంచి పత్తి మందుల కోసం వచ్చిన రైతు పోశన్నను దొరకబుచ్చుకున్నాడు. చెప్పేది పోశన్నకు, వినబడాల్సింది దివ్యకు.

"ఆళ్ల టవర్ ఎత్తయితే మాకేంది, పోశన్నా? నేను మా టవరెక్కి యాంటెనాను గిట్ల జానెడు తిప్పిన. ఒక్క జానెడే! సిగ్నల్ సీదా మీ కోర్పనల పోయి పడ్డది."

"మా ఊళ్లె మీది గరగర అంటది గదనే?"

"గది నీ రేడియో కథ. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మీ సున్నపురాయి క్వారీకాడ లారీలన్ని ఆగిపోయినయ్. ఎందుకు? రేడియో లేని లారీలల్ల సుత మన తెలుగు గంట వస్తది! ఒకనికి స్టీరింగ్ల, ఇంకొకనికి టిఫిన్ డబ్బల. మూత తీస్తె మన అనౌన్సర్ భానుశ్రీ ముచ్చట్లు చెప్తది, మూత పెడితె బంద్!"

"ఖరంచ్, కాకా?" నిజమేనా అని మరాఠీలో అడుగుతూ దివ్య రాయడం ఆపింది.

"అబద్ధం చెప్తె నాకేమొస్తది బిడ్డా? గంతేనా! అడవిల పులి అడవిదున్న మీదికి దుంకబోయి, తెలుగు గంట షురూ అయిందని కూసున్నది. దున్న సుత పక్కకే కూసున్నది. గంట అయినంక పులికి ఆకలి యాదికొచ్చింది గని, దున్న అప్పటికే నిద్రపోయింది. లేపితె బాగుండదని పులి ఎల్లిపోయింది."

తల మీద ఫ్యాన్ గిర్రున తిరగడం మొదలైంది. సదానందం చెమట తుడుచుకుని ఇంకో మెట్టెక్కాడు.

"అసలు ముచ్చట గది కాదు. తరంగోళ్ల అనౌన్సర్ మైకు ముంగట నోరు తెరిస్తె, భానుశ్రీ గొంతు వస్తది! పాపం, మూడు దినాలు గొంతు డాక్టర్ సుట్టు తిరిగిండు."

అందరూ పగలబడి నవ్వారు. నాలుగైంది.

"పెట్టు ఎల్లమ్మా రేడియో. బిడ్డ సుత ఇంటది, రాసుకుంటది."

ఎల్లమ్మ పెట్టింది. గర్‌ర్‌ర్. చేత్తో చరిచింది. గర్‌ర్‌ర్. మీట వెంట్రుకవాసి తిప్పగానే తరంగ్ అనౌన్సర్ మరాఠీలో, తన సొంత గొంతుతోనే, గణగణమన్నాడు.

ఎవరూ నవ్వలేదు. పోశన్న రోడ్డవతల టవర్ వంక చూసి తల దించుకున్నాడు.

"సదానందం, నా ఫ్యాన్ తిరగవట్టి ఎంతసేపాయె," అంది ఎల్లమ్మ మెల్లగా. "కరెంటు వచ్చినంక నీ మిషన్ మీట ఎవరు ఎత్తాలె?"

ఆయన జేబు తడుముకున్నాడు. తాళంచెవి అక్కడే ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు.

దివ్య కాగితం మీద కలం పెట్టి, "ఏం రాయాలె, మావ్‌శీ?" అని ఎల్లమ్మను అడిగింది.

ఎల్లమ్మ ఆమె ముందు నిండు గ్లాసు పెట్టింది.

"ఇప్పుడే రాయకు బిడ్డా, చాయ్ తాగు. కోర్పన దాక పోయిన సిగ్నల్, రోడ్డు దాటి రానీకి జర టైం పట్టదా?"